పాపక్షమాపణ

మా లూథరన్ మందిరంలో సండే స్కూలు టీచరమ్మ గొంతు వింటే భిలాయి ఉక్కు ప్లాంటులో కొలిమి కూడా చల్లబడేది. ఏ వాక్యం చదివినా కళ్లద్దాలు దించి, "దీనికి అర్థమేటి?" అనేవారు. జవాబు తప్పితే ఆ పిల్లకి తొలిసారి రొట్టె, ద్రాక్షరసం అందే ప్రభు భోజనం ఇంకో ఏడాది ఆగాల్సిందే.

ఆ ఆదివారం సంఘమంతటి ముందూ మా అమ్మాయి వంతు వచ్చింది. పిల్లకి హిందీయే ఎక్కువ, నన్ను నాన్నా అనదు, పాపా అంటుంది.

"పాపక్షమాపణ. దీనికి అర్థమేటే?"

"పాపాని మాఫ్ చేసేయడం, ఆంటీ. ప్రతి సండే ప్రసంగంలో గుర్రు పెడతాడు కదా!"

మందిరం కప్పు ఎగిరి పక్కూరు కుమ్హారిలో పడేంతగా నవ్వారు జనం. టీచరమ్మ నన్ను ఒక యుగంపాటు చూశారు.

"అర్థం తప్పు, సాక్ష్యం నిజం. పిల్ల పాసు. పాపా ఒచ్చే ఆదివారం నుంచి నా క్లాసుకొచ్చీయాల!"