ఉచితంగా వచ్చిన జింక

నా చిన్నప్పుడు నేను కుదిర్చిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఒక చచ్చిన జింక. ఒక్క డాలర్ ఖర్చు లేకుండా సంపాదించాను. అంత తెలివితక్కువ బేరం మా వంశంలో ఇంకెవరూ చేసి ఉండరని ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

మాది తరతరాలుగా కొట్టు పెట్టుకుని బతికిన కుటుంబం. ఎనభైల మొదట్లో డెట్రాయిట్ దగ్గర నోవైలో నాన్న పప్పులూ మసాలాలూ అమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా వచ్చేది కాదు. అలాంటి ఇంటికి చలికాలం మొదలవుతుండగా ఎక్కడి నుంచో ఒక నల్లకుక్క వచ్చి గరాజ్ ముందు పడుకుంది. పెంచుకుందామని నేను ఇల్లు పీకి పందిరేశాను. నాన్న సరుకు తూచినట్టు కాసేపు ఆలోచించి షరతు పెట్టాడు.

"ఉండనీ. కానీ దాని ఖర్చు నా మీద పడకూడదు. పడిన రోజున కుక్కల షెల్టర్‌కి పంపించేస్తా. సరేనా అమ్మడూ?"

సరే అన్నాను. అమ్మ రోజూ పెరుగన్నం పెట్టేది. కుక్క మర్యాదగా తినేది, అంతే మర్యాదగా చిక్కిపోయేది.

పక్కింటి తెల్లాయన కుక్కలు మాత్రం నిగనిగలాడుతుండేవి. ఆయన వేటకు వెళ్ళేవాడు. జింకను కొట్టి తెచ్చి, మాంసం తమకు కోసుకున్నాక మిగిలిన మెడ, డొక్క, ఎముకలు ఫ్రీజర్‌లో పెట్టి వాటికి వేసేవాడు. నేను వెళ్ళి బేరం పెట్టాను. చలికాలమంతా ఆయన ఇంటి ముందు కారు దారిలో మంచు నేను ఎత్తాలి, ఈసారి జింకలో మిగిలేదంతా నాకు ఇవ్వాలి. ముక్కలు కొట్టి, గడ్డకట్టించి, మా ఇంటిదాకా ఆయనే మోసుకు రావాలన్నది కూడా ఒప్పించాను. "నువ్వు మీ నాన్నని మించిపోతావ్" అని ఆయన నవ్వాడు. పొగడ్తనుకున్నాను.

ఆయన నల్లసంచి తెచ్చి ఇచ్చిన రోజున మూట విప్పగానే నా వ్యాపార ధైర్యమంతా కారిపోయింది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"కుక్కకమ్మా. ఫ్రీగా వచ్చింది."

"పచ్చిదే పడేస్తావుటే? మన గుమ్మంలో ఉన్న ప్రాణికి?"

వండకుండా ఎవరికీ ఏదీ పెట్టని ఇల్లు మాది. అమ్మకు అంతకుమించి ఆలోచన లేదు. పెరట్లో మంచు మీద క్యాంపు స్టవ్ పెట్టించి, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, ఇంత పసుపు వేసి, ముఖం అటు తిప్పుకుని ఆ ఎముకలన్నీ ఉడకబెట్టింది. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎంతసేపమ్మా అని విసుక్కున్నాను. "పప్పయితే చెప్తాను గానీ దీని సంగతి నాకేం తెలుసే? ఇంకాసేపు ఉడకనీ" అంది. తర్వాత మైల పోవాలని ఆ చలిలోనే తలస్నానం చేసింది.

కుక్క ఆబగా తినేసింది. మర్నాడు లేవలేదు. నడుం వంచి మూలుగుతుంటే పక్కింటికి పరిగెత్తాను.

"వండారా? ఎముకలతో సహానా?" ఆయన తల పట్టుకున్నాడు. పచ్చి ఎముక నమిలితే నలుగుతుందట, వండినది గాజుపెంకుల్లా చీలి లోపల గుచ్చుకుంటుందట.

"ముందే చెప్పొచ్చు కదా!"

"కుక్కకి ఎముకలు ఎవరైనా వండుతారా? అయినా నువ్వు అడగలేదుగా."

నిజమే. ముక్కలు కొట్టమని అడిగాను, మోసుకు రమ్మని అడిగాను, ఎలా పెట్టాలో అడగలేదు. ఆయన మీద, అమ్మ మీద, పసుపు మీద, మింగడానికి తొందరపడ్డ కుక్క మీద, అందరి మీదా మండిపోయింది. నాన్నకు చెబితే షరతు ప్రకారం షెల్టర్. చెప్పకపోతే కుక్కే ఉండదు.

చెప్పాను. చెబుతూనే బేరం మొదలుపెట్టాను. వేసవంతా కొట్లో కూర్చుంటాను, పప్పులు పొట్లాలు కడతాను అంటున్నాను. నాన్న వినిపించుకోకుండా కుక్కను దుప్పట్లో చుట్టి, కారులో బియ్యం బస్తాల పక్కన పడుకోబెట్టాడు.

పశువుల డాక్టర్ ఆపరేషన్ చేయాలని, ఎంతవుతుందో చెప్పాడు. నాన్న గ్యాస్ స్టేషన్‌లో పెట్రోలుకి కూడా బేరమాడే మనిషి. కొట్టు మూసేశాక ఇంట్లో అమ్మతో కూడా ఆడేవాడు. ఇప్పుడు ఏమంటాడో అని చూస్తూ నిలబడ్డాను. ఆయన చెక్‌బుక్ తీసి రాసిచ్చాడు. అంతే.

తిరిగొస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "మరి మన షరతు, నాన్నా?"

"అది నీకూ నాకూ మధ్య బేరం అమ్మడూ. కుక్కతో నేనేం మాట్లాడుకోలేదుగా."

కుక్క బతికింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు పక్కింటి గరాజ్‌లో పచ్చిది తిని, మా గుమ్మంలో అమ్మ పెట్టే పెరుగన్నం కూడా మొహమాటానికి నాకేది. నేను ఇప్పటికీ కారు దగ్గరా, కాకరకాయల దగ్గరా గీసి గీసి బేరమాడతాను. నొప్పితో ఉన్న ప్రాణిని పక్కన పెట్టుకుని నిలబడినప్పుడు మాత్రం నోరు పెగలదు.

ఇక లెక్క. జింక ఉచితం. అమ్మ జన్మలో తాకనిదాన్ని తాకింది, ఆ గిన్నె మళ్ళీ ఇంట్లోకి రాలేదు. నాన్న ఆ ఏడాది కొనుక్కుందామనుకున్న ఓవర్‌కోటు కొనుక్కోలేదు, పాతదానితోనే కొట్టు తెరిచాడు. ఆ బిల్లులో నా వంతు పక్కింటి మంచు ఎత్తడం ఒక్కటే. అదీ సగం రోజులు ఎగ్గొట్టాను.