మిరప కుప్ప కింద తామర

కారు గట్టు పక్కన ఆగగానే సంతోషకుమారి గంపలోని మిరపకాయలను కళ్లంలో తేలిన బండ మీద కుమ్మరించింది. చాలలేదు. ఒక అంచు ఇంకా కనబడుతోంది. ఏరి పక్కన పెట్టిన తాలుకాయలు కూడా దాని మీదికి తోసి చతికిలబడింది.

కళ్లం ఉన్న ఆ ఎకరం చేను ఆమె తల్లికి ప్రభుత్వం ఇచ్చింది. సంతోషకుమారి ఊరందరి పత్తీ ఏరి, ఆ కూలితో ఈ చేనికి నీళ్లు పెట్టింది. భర్త తోమా పోయాక కూడా కౌలుకివ్వలేదు. కిందటేడు దుక్కిలో బండ తగిలింది. మన్ను తీస్తే దాని మీద చెక్కిన తామరపువ్వు. పొరుగు చేను పిచ్చయ్యకు అలాంటిదే దొరికితే సంబరంగా అందరికీ చూపించాడు. ఇప్పుడా చేను పురావస్తు శాఖ వేసిన కంచె లోపల ఉంది, పిచ్చయ్య బయట ఉన్నాడు. అందుకే ఆమె మన్ను కప్పి, పైన కళ్లం చేసింది. పోయిన వారం వాన ఆ మన్ను కోసేసింది.

"ఏం అక్కా, నీ ఘాటుకి కారు కూడా తుమ్ముతోంది!" అన్నాడు డ్రైవర్ ఇలియాస్.

"జలుబేమో, డాక్టరుకి చూపించు," అంది. నవ్వు రాలేదు.

వెనక సీటులోంచి దిగినాయన లక్ష్మీకాంత్, హైదరాబాదులో చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరర్. ఊళ్లోని పాత స్తూపం దిబ్బ చూసి వస్తున్నాడు.

"ఇక్కడ పాత రాళ్లేమైనా దొరికాయామ్మా?"

"రాళ్లెక్కడివండీ, మట్టిగడ్డలే."

ఆయన ఫొటో కోసం సరిగ్గా ఆ కుప్పలోంచే కాయలు దోసిట్లోకి తీసుకున్నాడు. నలిపాడు. చెమట పట్టి, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఊళ్లో పసివాళ్లు కూడా చేయని పని.

"అమ్మో!" అంటూ కూలబడ్డాడు.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి కళ్లలో పోసింది. ఊతం కోసం ఆయన చెయ్యి కుప్పలోకి దిగింది. వేళ్లు ఒక రేకు తడిమాయి, ఇంకో రేకు తడిమాయి.

"ఇదేంటమ్మా?"

"బండేనండీ. కళ్లు తెరవకండి, పోతాయ్!"

వేళ్లు ఆగలేదు. చెంబు ఖాళీ అయింది. ఎర్రటి కళ్లు తెరిచి ఆయన కుప్పను చూశాడు, తర్వాత ఆమెను. జేబులోంచి ఫోను తీశాడు.

సంతోషకుమారి ఆ కుప్ప మీదే కూర్చుంది. చీర లోంచి మంట ఎక్కుతున్నా కదల్లేదు.

"ఫొటో కావాలంటే నన్ను తీసుకోండి బాబూ."

ఆయన ఫోను దించాడు. "మళ్లీ వస్తానమ్మా," అన్నాడు మెల్లగా.

కారు రేపిన దుమ్ము అణిగేదాకా ఆమె లేవలేదు. తర్వాత కాయలు పక్కకు నెట్టి, పాకలోంచి గునపం తెచ్చింది. వాన వెలిసినప్పటినుంచీ రోజూ కొంగుతో తుడుచుకుంటున్న పువ్వు అది. మొదటి పోటుకే ఒక రేకు పెచ్చూడింది.