అడుగు కనిపించని నీళ్లు

సాయిలు నీళ్లలో చేప. అయినా అడుగు కనిపించని నీళ్లంటే అతనికి ఒళ్లు జలదరించేది.

మెదక్ జిల్లాలోని సొంతూళ్లో అతనిది బావుల్లో పూడిక తీసే పని. ఎవరైనా బావిలో పడ్డారంటే మొదటి కబురు సాయిలుకే వచ్చేది. ఊపిరి బిగబట్టి మునిగి, ఆ చీకట్లో కాళ్లతో తడుముతూ వెతికి మనిషిని పైకి తేవాలి. ఇరవై ఏళ్లలో ఏడుగురిని తెచ్చాడు. అందులో ఒక్కరికీ ప్రాణం లేదు. ఏడో మనిషిని తెచ్చిన రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే, వేళ్లకు ఇంకా ఆ జుట్టు చుట్టుకునే ఉన్నట్టు తోచి ముద్ద నోటిదాకా పోలేదు. ఆ నెలలోనే భార్య లక్ష్మమ్మను వెంటబెట్టుకుని పట్నం బస్సెక్కాడు.

నానక్‌రామ్‌గూడ దాటాక, బండరాళ్ల మధ్య కొత్తగా కట్టిన ఒక క్లబ్బులో ఈతకొలను చూసుకునే పని దొరికింది. మొదటిరోజు ఆ నీళ్లు చూసి సాయిలు చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. తొమ్మిదడుగుల లోతున కూడా పలకల మధ్య గీతలు లెక్కపెట్టగలిగేటట్టున్నాయి. గట్టు మీది నుంచి ఒక్కసారి చూస్తే చాలు, లోపల ఏముందో ఏం లేదో తెలిసిపోతుంది. ఆ రాత్రి అతను కలలు లేకుండా నిద్రపోయాడు.

మూడేళ్లు బాగానే గడిచాయి. హైటెక్ సిటీలో గుండ్రటి భవనం తెరిచిన ఏడాది చలికాలంలో క్లబ్బుకు జనం తగ్గారు. మేనేజరు రామ్మోహనరావు క్లోరిన్ కొనడం ఆపించేశాడు. మోటారు కూడా రోజుకు ఒక గంట మించి వేయొద్దన్నాడు. దీపావళి తర్వాత నీళ్లు మెల్లగా రంగు మారాయి. ముందు లోతు వైపు గీతలు మసకబారాయి. వారం తిరిగేసరికి మెట్లలో ఆఖరిది కనిపించలేదు. సాయిలు రోజూ పొద్దున్నే వచ్చి మెట్లు లెక్కపెట్టేవాడు. ఐదు, నాలుగు, మూడు. తర్వాత నీళ్లు పాచిపట్టి పచ్చగా, చిక్కగా, కదలకుండా ఉండిపోయాయి.

అతని భయానికి ఇంకో కారణం కూడా ఉంది. క్లబ్బు గోడ పక్కనే కొత్త భవనం లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు అక్కడే రేకుల గుడిసెలేసుకున్నారు. ఒకరోజు ఇసుక లారీ వెనక్కి వస్తూ గోడను గుద్దింది. మనిషి దూరేంత సందు పడింది. సాయిలు ఆ సందులో తుమ్మకంప పెట్టేవాడు. పొయ్యిలోకని ఎవరో ఒకరు లాక్కెళ్లేవారు. మళ్లీ పెట్టేవాడు. గుడిసెల్లో పదిహేనుమంది పిల్లలుండేవారు.

"సార్, ఆ నీళ్లల్ల ఏం పడ్డా కనవడది. పిల్లలు తిరుగుతున్నరు. మందన్న తెప్పియ్యిండ్రి, లేకుంటే నీళ్లన్న ఇడిసిపెట్టనియ్యిండ్రి," అని మేనేజరును అడిగాడు.

"వదిలేస్తే మళ్లీ నింపడానికి ఎన్ని ట్యాంకర్లు కావాలో తెలుసా నీకు? వాటిని ముట్టుకోకు," అన్నాడు రామ్మోహనరావు. డ్రాయరు లాగి మూడు వందలు తీశాడు. "ఇంతలో ఎక్కడైనా దొరికితే తెచ్చెయ్. అంతకు మించి చలికాలంలో నేనివ్వలేను."

సాయిలు రెండు బస్సులు మారి రాణిగంజ్ వెళ్లాడు. నాలుగు దుకాణాలు తిరిగాడు. ఎండాకాలంలో గుమ్మం దాకా పేర్చి ఉండే క్లోరిన్ డబ్బాలు ఒక్కచోటా లేవు. ఒక ముసలి సేటు లోపల్నుంచి సగం డబ్బా తీసి చూపించి, ఎండాకాలం ధరకు రెండింతలు చెప్పాడు.

"గింత పిరమా, సేటూ?"

"ఇప్పుడు ఎవరు కొంటరు భాయ్? శివరాత్రి దాటినంక రా, కొత్త మాల్ వస్తది. అగ్గువకిస్త."

శివరాత్రికి ఇంకా రెండున్నర నెలలుంది. బేగంబజార్‌లో ఒకడు పేరూ చీటీ లేని సంచి చూపించాడు. మూతి విప్పగానే కళ్లు మండి, గొంతు పట్టేసింది. అదేమిటని అడిగితే "పని చేస్తది, తీస్కపో" అన్నాడే గానీ పేరు చెప్పలేదు. సాయిలు వెనక్కి తగ్గాడు.

చివరికి గోపన్‌పల్లి పంచాయతీ ఆఫీసులో పనిచేసే పెంటయ్య గుర్తొచ్చాడు. నిరుడు వానాకాలంలో బావుల్లో చల్లడానికి వచ్చిన బ్లీచింగ్ పౌడర్ అక్కడ రెండు మూటలు మిగిలి ఉంది.

"నిరుటిది. పైసలేం వద్దు, తీస్కపో అన్నా. గోదాం ఖాళీ అయితది," అన్నాడు పెంటయ్య.

సాయిలు పిడికెడు తీసి వాసన చూశాడు. ఘాటు లేదు. సున్నం వాసనొస్తోంది. సత్తువ పోయిందని తెలిసింది. అయినా అంతకంటే దారి లేక సైకిల్ మీద రెండుసార్లు తిరిగి మోసుకొచ్చాడు. సాయంత్రం బకెట్లలో కలిపి నాలుగు పక్కలా పోశాడు.

తెల్లారి వచ్చి చూస్తే కొలను బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంది. పచ్చదనం పోయింది గానీ ఒక్క మెట్టూ కనిపించలేదు. జానెడు లోతు దాటి చూపు పోవడం లేదు. తన చేతులతోనే నీళ్లకు ముసుగు కప్పినట్టయింది.

ఆరోజు మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటుంటే, గుడిసెల నుంచి మణెమ్మ వచ్చింది. ఇటుకలు మోసే మనిషి. నెత్తిన చుట్టబట్ట అట్లాగే ఉంది.

"అన్నా, మా శ్రీలత గిటు అచ్చిందా?"

"ఎప్పటిసంది కనవడ్తలేదు?"

"బువ్వ తినవెట్టి పనికి వోయిన. అచ్చి చూస్తే లేదు."

శ్రీలతకు నాలుగేళ్లు. సాయిలు గోడ వైపు చూశాడు. తుమ్మకంప పక్కకు జరిగి ఉంది. గాలికి జరిగిందా, ఎవరైనా లాగారా తెలియదు. మణెమ్మ అతని చూపు వెంటే చూసింది. తర్వాత నీళ్ల వైపు చూసి, నిలబడినచోటే కూలబడింది.

సాయిలు చొక్కా విప్పి లోతు వైపు దిగాడు.

నీళ్లు మంచులా ఉన్నాయి. కళ్లు తెరిస్తే మంట, తెరిచినా తెలుపు తప్ప ఏమీ లేదు. బావిలో నల్లటి చీకటి, ఇక్కడ తెల్లటి చీకటి. అడుగు అందాక, కాళ్లతో తడుముతూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. ఊపిరి చాలక పైకొచ్చి, మళ్లీ మునిగాడు. ఒక వరస అయింది. రెండో వరస. పాచి పాదాల కింద జారుతోంది. ప్రతి అడుగూ వేసేముందు కాలు వద్దంటోంది.

నాలుగో వరసలో కుడికాలికి మెత్తగా ఏదో తగిలింది.

కాలు తీయలేదు, చేయి చాచలేదు. ఎనిమిదో మనిషి అనుకున్నాడు. ఊపిరి అయిపోతుంటే వంగి, కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. గుడ్డ. బరువుగా ఉంది. లాక్కుంటూ పైకి వచ్చాడు.

నానిపోయిన గోనెసంచి. లోపల ఆకులు, బురద. మణెమ్మ దాన్ని చూసి గట్టిగా ఏడ్చింది. సాయిలు సంచిని గట్టు మీద పడేసి మళ్లీ మునిగాడు.

అతను ఏడో వరసలో ఉండగా గోడ అవతల ట్రాక్టరు ఆగింది. ఇసుక తేవడానికి గచ్చిబౌలి వైపు పోయిన ట్రాక్టరది. ఖాళీ ట్రాలీలో సంచుల మీద పడుకుని ఉన్న శ్రీలతను డ్రైవరు అక్కడికి వెళ్లాకే చూశాడట. చంకనెత్తుకుని తెచ్చి మణెమ్మ ఒళ్లో దించాడు. పిల్ల చేతిలో సగం తిన్న బిస్కెట్ ఉంది.

"అన్నా, దొరికింది. పైకి రా," అని మణెమ్మ కేకేసింది.

సాయిలు విన్నాడు. పిల్లను చూశాడు. అయినా మిగిలిన వరసలు తడిమాకే పైకి వచ్చాడు. ఈ పిల్ల దొరికింది సరే, ఇంకెవరూ లేరని ఎట్లా నమ్మడం? మోటారు గదిలోకి వెళ్లి, వాల్వు తిప్పి, నీళ్లన్నీ బయటి కాలువలోకి వదిలాడు.

సాయంత్రం రామ్మోహనరావు వచ్చేసరికి కొలను మూడడుగులు దిగి ఉంది.

"నేనేం చెప్పాను నీకు?"

"ముట్టుకోవద్దన్నరు సార్."

"మరి?"

సాయిలు పెదాలు నీలంగా ఉండటం, పళ్లు కొట్టుకోవడం చూసి మేనేజరు గొంతు తగ్గించాడు. జీతంలో కొంత కోస్తానని మాత్రం చెప్పి వెళ్లాడు. మర్నాటికి కొలను ఎండింది. ఆకులు, నాలుగు కప్పలు, ఎవరిదో ఈత కళ్లద్దాలు. అంతే. ఖాళీ గుంత కూడా తొమ్మిదడుగులేనని సాయిలు మళ్లీ గాబరాపడుతుంటే, పక్క భవనం మేస్త్రీ లింగమూర్తి ఇద్దరు మనుషుల్ని తెచ్చి, మిగిలిన ఇటుకలతో గోడ సందు పూడ్చేశాడు.

మార్చిలో కొత్త క్లోరిన్ వచ్చింది. నీళ్లు నింపారు. ఈతగాళ్లు వచ్చారు. ఆ ఎండాకాలం చివరిదాకా పనిచేసి, మళ్లీ చలికాలం రాకముందే సాయిలు మానేశాడు. నిజాంపేటలో ఒక విద్యార్థుల హాస్టల్‌కు కాపలాదారుగా కుదిరాడు. ఎందుకు మారినవని లక్ష్మమ్మ అడిగితే జీతం ఎక్కువని చెప్పాడు. నెల తిరిగి డబ్బు చేతికొచ్చాక అది తక్కువేనని ఆమెకు తెలిసింది. ఆ నోట్లు మడిచి కొంగున ముడేసుకుంది.