ఓడెక్కాల్సిన డబ్బీ

నా చిన్నప్పుడు మెట్‌పల్లిలో మా ఇంటి పిల్లల తలలన్నీ మా మేనత్త చేతిలో ఉండేవి. ఆమె కాచిన జుట్టు మైనాన్ని ముందు మాకే రాసి చూసేది. ఆదిలాబాద్ అడవుల తేనెమైనం, ఆముదం, కొబ్బరినూనె, చివర్లో కాస్త గులాబీ అత్తరు. రాసుకుని దువ్వితే ఎండలో ఎంత తిరిగినా పాపిట చెదిరేది కాదు. బడిలో నన్ను నవాబు అని ఏడిపించేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, ఒక ఎండాకాలం, బొంబాయిలో ఉండే దూరపు చుట్టం ఒకాయన మా ఇంటికి వచ్చాడు. అరబ్బుల వైపున్న ఏడెన్ రేవుకు ఓడల మీద సరుకు పంపే సేటు దగ్గర ఆయన పని. మైనం ఆయనకు నచ్చింది. మంచి డబ్బాలో పెట్టి ఉంచితే తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుపోయి సేటుకు చూపిస్తానన్నాడు. సేటు ఒప్పుకుంటే అత్తకు సొంత పని దొరుకుతుంది. లేదంటే మళ్లీ పొద్దంతా వంగి బీడీలు చుట్టడమే. అప్పటికే ఆమె మెడనొప్పితో తల తిప్పలేకపోయేది.

నాన్నను మేం బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. నిగనిగలాడుతుందని బాపు సీసా వైపు మొగ్గాడు. అత్త మాత్రం బిరడా సీసా, పింగాణీ జాడీ, రేకు డబ్బీ మూడింట్లోనూ మైనం నింపి, మిద్దె మీద పాత కాగితాలు పరిచి, ఎండలో పక్కకు పడుకోబెట్టింది. సాయంత్రానికి సీసా కారింది. జాడీ మూత చుట్టూ జిడ్డు. రేకు డబ్బీ కింద కాగితం పొడిగానే ఉంది. డబ్బీయే ఖాయమైంది.

మర్నాడు మా పెద్దబాపు పొలానికి బండి కట్టబోతూ, గూట్లో ఉన్న ఆ డబ్బీ తీసి, ఇరుసుకు దండిగా పూశాడు. వాకిలంతా గులాబీ వాసన.

"అన్నా, గదేం పనే! ఏడెన్ పోయే మైనం బండికి పెడ్తివి!" అని బాపు మొత్తుకున్నాడు.

"కందెన డబ్బీ లెక్కనే ఉండె. నాకేమెర్క?" అన్నాడు పెద్దబాపు.

"ఇయ్యాల ఎడ్లు గూడ షోకుగ నడుస్తయి తియ్యి," అని అవ్వ నవ్వింది.

అత్త నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. డబ్బీని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "పెద్దన్నను అనకు. ఇంట్ల ఉన్నోడే కందెన అనుకున్నడు. సముద్రం అవతలోడు ఏమనుకుంటడు? ఆడ చెప్పెతందుకు నేనుంటనా?"

తెలుగులో, ఉర్దూలో పేరు రాయిద్దామన్నాడు బాపు. పెద్దబాపుకు రెండూ చదవడం రాదు. అత్త ఆ మాట పట్టించుకోకుండా, ట్రంకుపెట్టెలకు రంగులు వేసే ఆయనతో మూత మీద ఒక దువ్వెన, నున్నగా దువ్విన తల బొమ్మ వేయించింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా దాన్ని అదే గూట్లో, అసలు కందెన డబ్బీ పక్కనే పెట్టి, మమ్మల్ని తలుపు వెనక నిలబెట్టి నోటి మీద వేలు వేసుకుంది.

పెద్దబాపు వచ్చాడు. చెయ్యి చాచి ఆగాడు. బొమ్మ చూశాడు, మూత తీసి వాసన చూశాడు. ఎవరూ లేరనుకుని వేలితో కాస్త తీసి మీసానికి రాసుకుని మెలితిప్పాడు. తలుపు వెనక మేమంతా పగలబడి నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది అత్త.

ఆ డబ్బీ బొంబాయి పోయింది. వానలు పడకముందే సేటు సరుకు పంపమన్నాడు. బీడీల చేట అటకెక్కింది.

తర్వాత నేను పాలిటెక్నిక్ చదివి, విదేశాలకు పోయే పంపులను పెట్టెల్లో సర్దించే పనిలో చేరాను. కొలత, బరువు, తడి తగలని కాగితం అన్నీ సరిచూసుకున్నాక, మేకు కొట్టేముందు ఒక్క క్షణం ఆగేవాణ్ణి. దీన్ని విప్పే మనిషికి నా భాష రాదు, నేను పక్కన ఉండను. అయినా అతనికి తెలుస్తుందా? ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నేను చెప్పింది ఎవరైనా మరోలా అర్థం చేసుకుంటే, వాళ్లను అనడానికి నోరు రాదు. ముందు నా మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంటాను.