మగ్గం గుంట మీద తొమ్మిది మెట్లు

నా చిన్నప్పుడు తమిళనాడు ఆర్.కె.పేటలో మా నేతవాళ్ల వీధికి నవరాత్రులొస్తే భక్తి కన్నా పోటీ ఎక్కువ. ఎవరింటి బొమ్మల కొలువుకు ఎన్ని మెట్లు అన్నదే ఆ పోటీ. ఎదురింటివాళ్లు ఏడు మెట్లు కట్టారని తెలిసి నేను అన్నం మానేశాను. మనవడి అలక చూడలేక మా తాతయ్య తొమ్మిది కడతానని మాటిచ్చేశాడు.

కట్టడానికి చోటేదీ? ముందు గదిలో సగం మగ్గానిదే. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చోవడానికి మగ్గం దగ్గర నడుము లోతు గుంట ఉంటుంది. తాతయ్య మగ్గం విప్పి, గుంట మీద పలకలు పరిచి, చాప వేసి, ఆ చాప మీదే ట్రంకు పెట్టెలూ బల్లలూ పేర్చి తొమ్మిది మెట్లు లేపాడు. పైన తెల్ల పంచె కప్పాక చూసి నేను గర్వంతో గెంతులేశాను.

మా అవ్వకు మాత్రం భయం. కొలువులో పెట్టే మట్టి బొమ్మలు వాళ్లమ్మ ఇచ్చినవి. తల్లి పోయాక ఆమెకు మిగిలిన పుట్టిల్లు ఆ బొమ్మలే.

"కింద గుంట ఉండాది కదయ్యా," అంది.

"ఏనుగెక్కినా కదలవు పోవే నా పలకలు!" అన్నాడు తాతయ్య, వాకిట్లో చేరిన వాళ్లందరికీ వినపడేలా.

"ఏనుగును యాడ తెచ్చేది? నువ్వే ఎక్కి కూచో. ఆనక బొమ్మలు పెడతా."

మా తాతయ్య భారీ మనిషి. పైగా అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. వీధి వీధంతా చూస్తుండగా పక్కన స్టూలేసుకుని పై మెట్టెక్కి, అమ్మవారిలా కాలు ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. మీసం దువ్వుకున్నాడు. అంతలో ఎక్కడో అడుగున పటుక్కుమంది. పెట్టెలు ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. దుమ్ము తగ్గాక చూస్తే, రోజూ కూర్చునే గుంటలోనే తాతయ్య నిలబడి ఉన్నాడు, నెత్తిన పంచెతో.

అవ్వ వంగి, దెబ్బలేమీ తగల్లేదని చూసుకుని, "ఏమయ్యా, పండగ పూట గూడా పనికి దిగినావా?" అంది. జనం పగలబడి నవ్వారు. పక్క గది పెట్టెలో గడ్డి మధ్య భద్రంగా ఉన్న బొమ్మల్లో ఒక్కదానికీ గీత పడలేదు.

ఆ ఏడాది మా కొలువు గట్టి నేల మీద, గోడ వారగా, అయిదు మెట్లే. సుండల్ గుగ్గిళ్ల కోసం వచ్చిన ప్రతి ఒక్కరికీ అయిదే శుభమని తాతయ్య అడక్కుండానే చెప్పాడు.

తల నెరిసినా ఇప్పటికీ చెన్నైలో ఎత్తైన భవనాలకు పునాదులు డిజైన్ చేయడమే నా పని. భవనం లేవకముందే, నేలలోకి లోతుగా దించిన పైలు అనే పునాది స్తంభం మీద కాంక్రీటు దిమ్మలు పేర్చి, ఆ బరువుకు అది ఎంత కుంగుతుందో చూస్తాం. "లెక్క సరిగ్గానే ఉంది కదా సార్, రోజులు దండగ," అని విసుక్కుంటారు కుర్ర ఇంజనీర్లు. మా తాతయ్య లెక్క కూడా ఆయన దృష్టిలో సరిగ్గానే ఉండింది. అందుకే పరీక్ష ముగిసేదాకా నేను అక్కణ్ణుంచి కదలను. రేపు ఆ పై అంతస్తుల్లో కాపురముండేవాళ్లు నన్నెరగరు, కింద ఏముందో అడగరు, నమ్మి నిద్రపోతారు. వాళ్లకు బదులుగా ముందే భయపడే మనిషి ఒకడుండాలి.