పువ్వులు పట్టే చేయి

మా పత్తి విత్తనాల చేనులో మగపువ్వును ఆడపువ్వుకు చేత్తో రుద్దే క్రాసింగు పనికి గట్టు మండలం నుంచి ఒకామె వచ్చేది. రుద్దడం సరిగా కుదరకపోతే పువ్వు రాలిపోతుంది. రుద్దేటప్పుడు చిటికెనవేలు పైకెత్తి పెట్టేది, చంటిపిల్లకు కాటుక దిద్దుతున్నట్టు.

ఒకరోజు పొద్దున్నే నీళ్లు తాగడానికి ఇంట్లోకి వచ్చి, అలమరలో ఉన్న పళ్లెం చూసింది. మా మామ సంస్థానం కాలంలో సంపాదించిన జపాన్ పింగాణీ అది. నిండా ఎర్రటి, నీలం పువ్వులు. పండగకైనా దించేదాన్ని కాదు.

"గీ పువ్వులకు క్రాసింగు ఎవరు చేసిన్రు అవ్వా? ఒక్కటి గూడ రాలలే!" అని నవ్వి వేలు చాపింది.

"ఏయ్, ముట్టకు! పల్గుతది!" అని కసిరాను.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. గొంతులో కోపమైతే లేదు.

"దినాం మీ పువ్వులనే పట్టుకుంటం గద అవ్వా. ఒక్కటన్న ఇరిగిందా?"

పళ్లెం దించి ఆమె చేతిలో పెడదామనుకున్నాను గానీ చేతులు రాలేదు. ఆమె తలకు కొంగు చుట్టుకొని చేనుకు పోయింది. కూలీలు సరిగా చేస్తున్నారో లేదో అని రోజూ చేను ఒడ్డు మీద కూర్చుని చూసేదాన్ని. ఆ పూట పోవడానికి నాకు మొహం చెల్లలేదు.