నెత్తురు తొందరగా ఆగింది

మా ఆయన ఉదయగిరిలో కొయ్య స్పూన్లు చెక్కతాడు. పోయినేడు గుండెకి స్టెంట్ వేసినప్పుడు నెల్లూరు డాక్టరు, "రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తున్నా. ఒక్కపూట కూడా మానకూడదు, మానితే స్టెంట్ పూడిపోవచ్చు" అని గట్టిగా చెప్పినాడు. ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

ఉలి పట్టే చేతికి గాట్లు పడకుండా ఉంటాయా? మాత్రలు మొదలైనాక చిన్న గాటుకే గుడ్డ తడిసిపోయేది. పసుపు అద్దినా ఆగేది కాదు. స్పూన్ల మీద మరకలు పడతన్నాయని ఆయన విసుక్కునేవాడు. నాకు మాత్రం అదొక ధైర్యం, మాత్ర పనిచేస్తా ఉండాదిలే అని.

ఒకరోజు పొద్దన బొటనవేలు తెగింది. నేను గుడ్డ తెచ్చేలోపలే నెత్తురు ఆగిపోయింది. ఆయన నవ్వతా వేలు చూపించినాడు. నేను తెచ్చిన గుడ్డ అక్కడే పడేసినా.

"ఏమయ్యా, మాత్రలు మానేసినావా?"

"లేదుమే."

"అబద్ధాలు చెప్పబాక! స్పూన్లు పాడవతన్నాయని మానేసినావు గదా!"

నోటికొచ్చినట్టు తిట్టినా. ఒట్టు పెట్టకూడదు అనే మనిషి, లోపలికి పోయి బైబిలు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు. మాత్రల అట్ట తీసి చూసినా. సరిగ్గానే మింగినాడు. అప్పుడు ఇంకా భయమేసింది. మానేసుంటే బతిమాలో తిట్టో మింగించచ్చు. మింగినా పనిచేయకపోతే నేనేం చేసేది?

మరుసటిరోజే నెల్లూరు పోయినాం. "వేలు చూసి లెక్కేయకూడదమ్మా" అని డాక్టరు రక్తపరీక్ష చేయించినాడు. రిపోర్టు చూసి మొహం మార్చినాడు. మాత్ర పనిచేయాల్సినంత చేయడంలేదంట.

"గురక పెడతాడా?"

"అబ్బో, వీధి చివరికి వినపడతాది సార్. పగలు కూడా ఉలి చేతిలో ఉండగానే కునుకుతాడు."

నేను గొప్పగానే చెప్పినా. గుర్రుపెట్టి నిద్రపొయ్యేవాడికి రోగమెక్కడిది అని మా అత్త అనేది. డాక్టరు నవ్వలేదు. ఇట్టాంటి గురకతో నిద్రలో ఊపిరి ఆగతా ఉంటే, కొందరికి నెత్తురు గడ్డకట్టే గుణం పెరిగి మాత్రకి లొంగదని చెప్పినాడు. మాత్ర మార్చి, నిద్ర పరీక్షకి రాసినాడు.

తిరుగు బస్సులో ఆత్మకూరు దాటగానే గురక మొదలుపెట్టినాడు. అందరూ మా వైపు చూసి నవ్వుకుంటన్నారు. ఉన్నట్టుండి గురక ఆగింది. "హమ్మయ్య, ఆపినాడు" అనింది ముందు సీటామె. నేను ఆయన రొమ్ము వైపు చూసినా. కదల్లేదు. ఇంకా కదల్లేదు. భుజం పట్టి గుంజేసరికి, నీళ్లలోంచి లేచినవాడి మాదిరి ఎగశ్వాస తీసినాడు.

ఇన్నేళ్లూ గురక ఆగినప్పుడల్లా నేను కూడా హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకున్నా. ఛీ, ఎంత పాపిష్టిదాన్ని!

నిద్ర పరీక్షలో అదే తేలింది. ఇప్పుడు ఊపిరి ఆగకుండా గాలి కొట్టే మిషను మాస్కు ముక్కుకి పెట్టుకుని పడుకుంటాడు. గురక లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టదు, రొమ్ము మీద చెయ్యేసి చూస్తా ఉంటా.

మొన్న మళ్లీ వేలు తెగింది. ఒక గుడ్డ తడిసింది. రెండోది కూడా తడిసింది.

"ఏందిమే, ఆగలేదే?" అని ఆయన కంగారుపడతన్నాడు. వేలు చూసి లెక్కేయకూడదని డాక్టరు చెప్పినాడు, నాకు తెలుసు. అయినా ఆ వేలు గట్టిగా అదిమి పట్టుకుని, "స్తోత్రం ప్రభువా" అని భోరున ఏడ్చినా.